కిటికీల క్లీనింగ్ స్టార్టర్ కిట్: దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని షాపులోనే వదిలెయ్యాలి

కిటికీ అద్దాలు శుభ్రం చేసే పని తక్కువ డబ్బుతో మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ముందుగా తగిలేది ‘అన్నీ ఒకే పెట్టెలో’ అనే స్టార్టర్ కిట్. స్క్వీజీ (అద్దం మీది నీళ్ళు లాగేసే రబ్బరు పట్టీ ఉన్న పనిముట్టు), దానికో పోల్, స్ప్రే బాటిల్, స్పాంజీలు, గుడ్డలు, బ్రష్షు, ప్లాస్టిక్ స్క్రేపర్, చిన్న బకెట్... లెక్కపెడితే పదీ పన్నెండు సామాన్లు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. పనిలోకి దిగాక రోజంతా చేతిలో తిరిగేవి మాత్రం నాలుగే: నీళ్ళు పట్టించే టీ-బార్ (తొడుగు వేసి వాడే ‘టీ’ ఆకారపు పిడి), స్క్వీజీ, స్క్రేపర్, గుడ్డ. అద్దం మీద చార మిగులుతుందా లేదా అన్నది తేల్చేది స్క్వీజీకి ఉండే సన్నటి రబ్బరు అంచు. చౌక కిట్లలో కక్కుర్తి పడేది సరిగ్గా అక్కడే.

అందుకని తీర్పు ముందే చెప్పేస్తున్నాం: కిట్ వద్దు, విడివిడిగా కొనండి. ఏది ఏ సైజులో తీసుకోవాలి, దేన్ని ఇంట్లో ఉన్నదానితో సరిపెట్టుకోవచ్చు, ఎక్కడ చెడుతుంది అన్నది కింద ఉంది.

స్క్వీజీ, రబ్బరు

ఇళ్ళలో వాడే గ్లాస్ వైపర్‌కి రబ్బరు ప్లాస్టిక్‌లో అతికేసి ఉంటుంది. అంచు అరిగితే మొత్తం పారెయ్యాల్సిందే. పనివాళ్ళ స్క్వీజీ మూడు ముక్కలు: హ్యాండిల్, అందులో దూరే లోహపు ఛానల్, ఛానల్‌లో జారే రబ్బరు. దేనికది మార్చుకోవచ్చు. ఒకే రబ్బరు పట్టీతో తేలికపాటి ఇత్తడి స్క్వీజీ చేసి 1936లో పేటెంట్ తీసుకున్నది ఎట్టోరే స్టెక్కోనే, ఇటలీ నుంచి కాలిఫోర్నియా వెళ్ళి అక్కడ కిటికీలు తుడిచిన మనిషి. అంతకు ముందు వాడుకలో ఉన్న బరువైన స్క్వీజీకి రబ్బరు మార్చాలంటే పన్నెండు స్క్రూలు విప్పాల్సి వచ్చేదట. ఇప్పుడు క్లిప్పు లాగి, పాతది జార్చి, కొత్తది దూర్చడమే, నిమిషం పట్టదు. ఆయన పేరుతో వచ్చే ఇత్తడి మోడల్ ఇప్పటికీ అమ్ముతున్నారు, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. కాస్త బరువు ఎక్కువ, అంతే.

మొదటి స్క్వీజీ 35 సెంటీమీటర్లది, అంటే 14 అంగుళాలది తీసుకోండి. 45 సెంటీమీటర్లది పెద్ద షాపు అద్దాల మీద వేగంగా పోతుంది కానీ, కొత్త చేతికి రెండు చివర్లా ఒత్తిడి సమానంగా పడదు. ఒక పక్క నీళ్ళు వదిలేస్తుంది. ఇళ్ళ కిటికీ రెక్కల్లో చాలావాటికి అది పట్టదు కూడా. రెండో కొనుగోలుగా 25 సెంటీమీటర్ల ఛానల్ ఒకటి చాలు, హ్యాండిల్ అదే వాడుకోవచ్చు. అంతకన్నా చిన్న గళ్ళ కిటికీలు ఎదురైతే పాత ఛానల్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోసి, కొసలు ఆకురాయితో నున్నగా రాసి వాడుకోవచ్చు. కొనక్కర్లేదు.

లోహం సంగతి. ఉంగర్ వాళ్ళ ఎస్-ఛానల్ లాంటి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వంగవు, తుప్పు పట్టవు. తక్కువ డబ్బుకి ఇదే సరైన బేరం అని మా అభిప్రాయం. అల్యూమినియంవి తేలిక, పోల్ మీద హాయిగా ఉంటాయి, కానీ బకెట్ అంచుకి రెండుసార్లు గట్టిగా తగిలితే కొస వంగుతుంది. వంగిన చోట రబ్బరు అద్దానికి ఆనదు. కొనేటప్పుడు ఛానల్‌ని కంటికి ఎదురుగా పట్టుకుని పొడవునా చూడండి. విల్లులా కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి. మోయర్‌మాన్ కంపెనీ లిక్విడేటర్ రకం ఛానళ్ళకి చివర్లలో ప్లాస్టిక్ కొసలుంటాయి. రబ్బరు చట్రం అంచుదాకా వెళ్తుంది, తర్వాత గుడ్డతో మూలలు తుడిచే పని తగ్గుతుంది. మంచి పరికరమే. అయితే దాని కొసలు, సరిపడే రబ్బరు అవీ విడిగా దొరికించుకోవాలి. చేయి తిరిగాక ఆలోచించండి, మొదటి రోజే అక్కర్లేదు.

ఇక రబ్బరు. ఛానల్ రెండు కొసల దగ్గరా అది 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి. 35 సెంటీమీటర్ల ఛానల్‌కి 35.6 సెంటీమీటర్ల రబ్బరు అన్నమాట. తక్కువైతే లోహం చట్రానికి రాసుకుంటుంది, కొస దగ్గర సన్నటి నీటిగీత మిగులుతుంది. ఎక్కువైతే కొస మడతపడి అదే గీత ఇంకో రకంగా వస్తుంది. 105 సెంటీమీటర్ల పొడుగు రబ్బరు కొని కోసుకోవడం చవక. కాకపోతే అందులో మూడు 35లు వస్తాయని లెక్కేసుకోకండి, మూడింటికి 106.8 కావాలి. రెండు 35.6 ముక్కలు, ఒకటి 25.6 ముక్క తీస్తే సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా. కొత్త బ్లేడుతో ఒకే కోతలో, నిటారుగా కొయ్యాలి. మొద్దు కత్తెరతో రెండుసార్లు నమిలినట్టు కోస్తే కొస ఏటవాలుగా వచ్చి పనికిరాదు. ఛానల్ లోపలికి వెళ్ళే పైభాగం కొన్ని రబ్బర్లకి గుండ్రంగా, కొన్నిటికి బల్లపరుపుగా ఉంటుంది, మీ ఛానల్‌కి ఏది పడుతుందో చూసుకుని కొనండి. మెత్తదీ గట్టిదీ రెండూ దొరుకుతాయి. మెత్తది చలిలో బాగా ఆనుతుంది, తొందరగా అరుగుతుంది. ఎండల్లో గట్టిది మేలు.

ఒక్కో రబ్బరుకి రెండు పని అంచులుంటాయి. ఒకటి అరిగితే తిప్పి రెండోది వాడుకోవాలి. రోజంతా పని ఉంటే ఒక అంచు వారం నిలవకపోవచ్చు. ఎండ తగిలేచోట స్క్వీజీని పడేస్తే వాడకపోయినా గట్టిపడి పాడవుతుంది, అది సహజ రబ్బరు గుణం.

చార ఎందుకొస్తోందో కనిపెట్టడం

కొత్తవాళ్ళు చార పడగానే సబ్బు మారుస్తారు. ముందు రబ్బరు చూడాలి. స్క్వీజీ లాగినప్పుడు ఒక సన్నటి గీత పడిందనుకోండి. మళ్ళీ తడిపి, స్క్వీజీని రెండు అంగుళాలు పక్కకి జరిపి లాగండి. గీత కూడా జరిగితే తప్పు రబ్బరుది: అంచు మీద ఇసుక రేణువు కూర్చుని ఉంటుంది, లేదా చిన్న గాటు పడి ఉంటుంది. వేళ్ళతో తుడిచి చూడండి, పోకపోతే తిప్పెయ్యండి. గీత ఉన్నచోటే ఉంటే అది అద్దం మీద ఉన్నది: పెయింట్ చుక్కో, పురుగు మరకో, పాత గీటో.

ఒకటి కాదు, దువ్వెన పళ్ళలా బోలెడు సన్నగీతలు వస్తే అంచు మొత్తం మొద్దుబారిందని అర్థం. స్క్వీజీ కిర్రుమంటూ ఎగిరెగిరి పడితే సబ్బు తక్కువైందన్నమాట, లేకపోతే అద్దం అప్పటికే ఆరిపోతోంది, అదీ కాకపోతే హ్యాండిల్ మరీ నిటారుగా పట్టుకున్నారు. హ్యాండిల్‌ని అద్దం వైపు కొంచెం వాల్చండి. నీళ్ళు పోయాయి కానీ వెలుతురులో అద్దం మీద రంగురంగుల పొర కనిపిస్తుంటే అది సబ్బు ఎక్కువవడం.

సబ్బు విషయంలో ప్రత్యేక లిక్విడ్లు కొనడం మొదట్లో దండగ. మామూలు గిన్నెలు తోమే లిక్విడ్ 10 లీటర్ల నీళ్ళకి ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు. చేతులు మెత్తబడతాయని రాసి ఉన్న రకం మాత్రం వద్దు, దానిలో కలిపేవి అద్దం మీద పొర కడతాయి. నీళ్ళు గట్టినీళ్ళయితే (లవణాలు ఎక్కువున్న కఠిన జలమైతే) నురగ తక్కువ వస్తుంది, ఇంకో రెండు మిల్లీలీటర్లు కలపండి. బకెట్ అడుగు కనిపించనంత మురికయ్యాక ఆ నీళ్ళు పారబోయడమే. ఆ మురికిలో ఉండే ఇసుకే రబ్బరుని తినేస్తుంది.

లాగే పద్ధతి రెండు మాటల్లో. ముందు పైఅంచున, ఒక పక్క అంచున గుడ్డతో ఒక అంగుళం మేర ఆరబెట్టండి. స్క్వీజీ ఎప్పుడూ పొడిచోట మొదలవ్వాలి, తడిచోట మొదలైతే చట్రంలో దాక్కున్న నీళ్ళు వెంట వస్తాయి. పైనుంచి కిందికి తిన్నగా లాగి, గుడ్డతో రబ్బరు తుడిచి, పక్క వరస ముందుదాని మీదికి రెండు అంగుళాలు ఎక్కేలా మళ్ళీ లాగండి. ఎత్తకుండా పాములా అటూ ఇటూ తిప్పే పద్ధతి వేగమైనది, చూడ్డానికి బాగుంటుంది. డబ్బు తీసుకునే అద్దం మీద కాదు, ఇంట్లో అద్దం మీద నేర్చుకోవాలి.

టీ-బార్, బకెట్, గుడ్డలు

టీ-బార్ ప్లాస్టిక్‌ది చాలు, ఇక్కడ ఖరీదైనదానికీ చౌకదానికీ పెద్ద తేడా లేదు. స్క్వీజీ సైజే తీసుకోండి. దాని మీద తొడిగే స్లీవ్‌లో మాత్రం తేడా ఉంటుంది. పలచటి స్లీవ్ నీళ్ళు పట్టదు, పెద్ద అద్దం మధ్యలోనే ఆరిపోతుంది. ఒత్తైన నూలు ఉన్నవి రెండు కొనండి: ఒకటి బయటి వైపుకి, ఒకటి ఇంటిలోపలికి. బయట దుమ్ము పట్టిన స్లీవ్‌తో లోపలి అద్దం తుడిస్తే కిటికీ గూడు (కింది గట్టు) మీద మట్టినీళ్ళు కారతాయి. ఇంటివాళ్ళు గుర్తుపెట్టుకునేది అదే. లోపలి పనికి స్లీవ్‌ని బాగా పిండి వాడాలి, కింద ఒక పాత తువ్వాలు పరచాలి.

పనివాళ్ళకని అమ్మే పొడవాటి దీర్ఘచతురస్రపు బకెట్ సుఖమే కానీ మొదట్లో తప్పనిసరి కాదు. టీ-బార్ అడ్డంగా మునగగలిగే పొడుగాటి ప్లాస్టిక్ టబ్బు ఏదైనా సరిపోతుంది. గుండ్రటి బకెట్‌లో ఏటవాలుగా ముంచితే స్లీవ్ సగమే తడుస్తుంది, అందుకే అది ఇబ్బంది. నిండా నింపకండి, మొయ్యాల్సింది మీరే.

గుడ్డలు ఆరు ఉండాలి. రబ్బరు తుడవడానికి రెండు, అంచులు ఆరబెట్టడానికి రెండు, కిటికీ గూళ్ళకి రెండు, వీటిని కలపకూడదు. అంచులకి మైక్రోఫైబర్ బాగుంటుంది. చాలాసార్లు ఉతికిన నూలు గుడ్డ అంతకన్నా తీసిపోదు, పీచు రాలకపోతే చాలు. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వెయ్యకండి. అది గుడ్డకి పట్టి, నీళ్ళు పీల్చనివ్వదు, అద్దానికి జిడ్డు పూస్తుంది.

స్క్రేపర్: చవకైనదే, కొంప ముంచేదీ ఇదే

కిట్లలో వచ్చే ప్లాస్టిక్ స్క్రేపర్ దేనికీ కొరగాదు. 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న లోహపు బ్లేడు స్క్రేపర్, బ్లేడు మీదికి మూసుకునే మూతతో తీసుకోండి. 15 సెంటీమీటర్లది పని తొందరగా కానిస్తుంది, కొత్తవాళ్ళకి అదుపు ఉండదు. కార్బన్ స్టీలు బ్లేడు పదును ఎక్కువ, కానీ తడిగా మూత వేస్తే తెల్లారేసరికి తుప్పు. తుప్పు చుక్క ఉన్న బ్లేడు అద్దానికి తగిలితే గీట్లే. స్టెయిన్‌లెస్ బ్లేడు కొంచెం తొందరగా మొద్దుబారుతుంది, కానీ నెమ్మది మనిషికి అదే మేలు.

అద్దం ఎప్పుడూ తడిగా, సబ్బునీళ్ళతో ఉండాలి. బ్లేడు ముందుకే నెట్టాలి. వెనక్కి లాగేటప్పుడు అద్దం మీంచి ఎత్తాలి, లేకపోతే బ్లేడు కింద చిక్కిన రేణువు వెనక్కి ఈడ్చుకొచ్చి గీత గీస్తుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు.

తెలియనిది టఫెన్డ్ గ్లాస్ (కాల్చి గట్టిపరిచిన అద్దం) సంగతి. ఆ అద్దాన్ని కొలిమిలో 600 డిగ్రీల సెల్సియస్ దాటేలా కాల్చి, గాలితో గబుక్కున చల్లారుస్తారు. కాల్చే ముందు సరిగ్గా కడగకపోయినా, కొలిమి రోలర్లు మురికిగా ఉన్నా, గాజు పొడి అద్దం ఒక ముఖానికి కరిగి అతుక్కుపోతుంది. కంటికి కనపడదు. స్క్రేపర్ ఆ రేణువుల తలలు విరిచి అద్దమంతా ఈడుస్తుంది. ఎండ పడ్డాక చూస్తే వందల సన్నగీతలు. తప్పు తయారీలో ఉన్నా, చివర తాకింది మీరే కాబట్టి మాట పడేది మీరే. ముందుగా మూలలో టఫెన్డ్ అని చెప్పే ముద్ర ఉందేమో చూడండి. అద్దాన్ని సబ్బునీళ్ళతో కడిగాక తడి మీద వేళ్ళతో రాయండి. నున్నగా జారాల్సినచోట గరగరలాడితే స్క్రేపర్ లోపల పెట్టెయ్యండి. గరగర లేకపోయినా మూలలో చిన్న చోట ఒక్కసారి నెట్టి, చప్పుడు వినండి. ఇసుక నలిగినట్టు వినిపిస్తే ఆపెయ్యండి. కొత్తగా కట్టిన ఇంట్లో పెయింట్, సిమెంటు చుక్కలు గీకమని అడిగితే ఈ సంగతి పని మొదలవ్వకముందే చెప్పి, కాగితం మీద సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టరంటే ఆ పని వదులుకోవడమే లాభం.

ఫిల్మ్ అతికించిన అద్దాల మీదా, పైముఖాన పూత ఉన్న అద్దాల మీదా బ్లేడు అసలు పెట్టకూడదు.

గట్టినీళ్ళ తెల్లమచ్చలు కూడా స్క్రేపర్‌తో పోవు. కొత్తవైతే వెనిగర్ తడిపిన గుడ్డ పది నిమిషాలు అంటించి ఉంచితే కరుగుతాయి. పక్కన పాలరాయి గూడు ఉంటే దాని మీద కారనివ్వకండి, రాయి మెరుపు పోతుంది. ఏళ్ళ తరబడి పేరుకున్నవాటికి సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టాలి. అది వేరే పని, వేరే రేటు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న మచ్చల మందులు మాత్రం ఎంత బాగా పనిచేస్తాయని ఎవరు చెప్పినా ముట్టుకోకండి. చర్మం కింద ఎముకదాకా పోయే విషం అది, అద్దాన్ని కూడా తింటుంది.

ఇప్పుడే కొనకూడనివి

అద్దం మీది నీళ్ళు పీల్చేసే, బ్యాటరీతో నడిచే విండో వ్యాక్యూమ్ ఇంటి అవసరానికి మంచి వస్తువు. వ్యాపారానికి కాదు. ఒక ఛార్జింగ్ అరగంట అటూ ఇటూగా వస్తుంది, ట్యాంకు నిండితే ఆగి పారబొయ్యాలి, మూలల్లోకి మూతి వెళ్ళదు. 35 సెంటీమీటర్ల స్క్వీజీ దానికన్నా చవక, దానికన్నా వేగం.

పొడుగు పోల్ ముందుముందు అవసరమే, అయితే రెండు ముక్కలది, పూర్తిగా చాపితే 2.4 మీటర్లు వచ్చేది చాలు. ఇంకా పొడవైతే చివర ఊగుతుంది, ఒత్తిడి ఎంత పెడుతున్నారో చేతికి తెలియదు. పోల్ కొసకి మీ హ్యాండిల్ బిగుతుగా పడుతుందో లేదో కొట్టులోనే తొడిగి చూడండి. అల్యూమినియం పోల్ కరెంటు పారే లోహం, తీగలకి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి.

నిచ్చెన మొదటి నెలల్లో కొనకండి. నేల మీద నిలబడి చేరుకోగలిగిన అద్దాలే ఒప్పుకోండి, అవి తక్కువేం కాదు. తర్వాత కొన్నప్పుడు లెక్క ఇది: నిచ్చెన ఆనిన ఎత్తు 4 మీటర్లయితే, దాని పాదం గోడకి 1 మీటరు దూరంలో ఉండాలి. అద్దానికీ, వాననీటి గొట్టానికీ ఆనించకూడదు.

శుద్ధమైన నీళ్ళతో కడిగి వదిలేసే వాటర్‌ఫెడ్ పోల్ వీడియోలు చూసి మొదటి పెట్టుబడంతా దాని మీద పెట్టేవాళ్ళున్నారు. దాని కిటుకు పోల్‌లో లేదు, నీళ్ళలో ఉంది. నీళ్ళలో కరిగిన లవణాలు సున్నాకి దగ్గరగా ఉంటేనే అద్దం తుడవకపోయినా మచ్చ లేకుండా ఆరుతుంది. టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) 10 పీపీఎం (పదిలక్షల భాగాలకి పది) దాటితే మచ్చల భయం మొదలవుతుంది. రెసిన్ (లవణాల్ని పట్టేసుకునే గుళికలు) ట్యాంకు ఒక్కటే పెట్టుకుంటే, కుళాయి నీళ్ళ టీడీఎస్ ఎంత ఎక్కువైతే రెసిన్ అంత తొందరగా ఖర్చవుతుంది. 400 ఉన్న నీళ్ళకి పట్టే రెసిన్, 100 ఉన్న నీళ్ళకి పట్టేదానికి ఇంచుమించు నాలుగు రెట్లు. అందుకని దాని ముందు ఆర్‌ఓ ఫిల్టరు పెట్టాలి, దానికి నీటి ఒత్తిడి కావాలి, ఒత్తిడి లేకపోతే పంపు కావాలి. ఇలా ఒకదాని వెంట ఒకటి. ముందుగా చిన్న టీడీఎస్ మీటరు కొని, మీ కుళాయి నీళ్ళు కొలవండి. ఆ అంకె చూశాక, పై అంతస్తుల పని నెలనెలా ఖాయంగా ఉంటేనే దీని జోలికి వెళ్ళండి.

మిగిలిన డబ్బు ఎటు

కొనాల్సిందంతా కలిపితే ఇదీ జాబితా: 35 సెంటీమీటర్ల స్టీలు ఛానల్, హ్యాండిల్, 105 సెంటీమీటర్ల రబ్బర్లు రెండు, టీ-బార్, స్లీవ్‌లు రెండు, 10 సెంటీమీటర్ల స్క్రేపర్, ఒక ప్యాకెట్ బ్లేడ్లు, గుడ్డలు ఆరు, టీడీఎస్ మీటరు. టబ్బు, డిష్‌వాష్ లిక్విడ్ ఇంట్లోవే.

ఈ సామానుతో మొదట చూడాల్సింది వీధి మీది షాపుల అద్దాలు. నిచ్చెన అక్కర్లేదు, లోపల సామాన్లు జరపక్కర్లేదు, వారానికోసారో పక్షానికోసారో మళ్ళీ పిలుస్తారు. ఒకే వీధిలో పది షాపులు దొరికితే, ఊరంతా చెదిరిన ఇరవై కన్నా గిట్టుబాటు. ఇళ్ళకి రేటు చెప్పేటప్పుడు ‘కిటికీకి ఇంత’ అనకండి. ఒక కిటికీలో రెండు అద్దాలు ఉండొచ్చు, పన్నెండు గళ్ళు ఉండొచ్చు. అద్దాల లెక్కన చెప్పండి, లోపలా బయటా కలిపా ఒకవైపేనా అన్నది తేల్చుకోండి. దోమతెరలు, స్లైడింగ్ ట్రాకులు విడిగా రాయండి. ట్రాకులో గట్టిపడిన మట్టి అద్దం కన్నా ఎక్కువసేపు తింటుంది. ఏళ్ళుగా తుడవని ఇంటికి మొదటిసారి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది, మొదటి రేటూ తర్వాతి రేటూ వేరువేరుగా ముందే చెప్పండి.

ఇన్సూరెన్స్ తీసుకుంటే పాలసీలో ఒక్క షరతు వెతకండి. మూడోవాళ్ళ ఆస్తికి జరిగే నష్టానికి ఇచ్చే పాలసీల్లో చాలావాటిలో, మీరు ఆ సమయంలో పని చేస్తున్న వస్తువుకి జరిగిన నష్టం మినహాయింపుల్లో ఉంటుంది. బకెట్ ఒలికి కార్పెట్ పాడైతే డబ్బు వస్తుంది, స్క్రేపర్‌తో అద్దం గీసుకుపోతే రాదు. అద్దానికి కూడా వర్తించేలా అదనపు కవర్ ఇస్తారేమో అడిగి, ఇస్తామంటే దాన్ని పాలసీ కాగితం మీద రాయించుకోండి.